దంతవైద్యానికి ఆరోగ్య బీమా: పిల్లలకు, పెద్దలకు వర్తించేది ఎంత?

ఆరోగ్య కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన పంటి వైద్యమంతా ఉచితమనుకోవడం సరికాదు. ఏది బీమా పరిధిలోకి వస్తుందో, ఏది రాదో ముందుగా తెలిసి ఉంటే బాళగనూరు కుటుంబాలకు ధనవ్యయం, వృథా ప్రయాణం రెండూ తప్పుతాయి.

పథకం స్వరూపం

కేంద్రప్రభుత్వం 2018 సెప్టెంబరు 23న ఆయుష్మాన్ భారత్ బీమాను ప్రారంభించింది. కర్ణాటకలో అదే సంవత్సరం అది ఆరోగ్య కర్ణాటకతో కలిసి ఒకే పథకమైంది. బి.పి.ఎల్. రేషన్ కార్డు గల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స లభిస్తుంది. ఇతర కుటుంబాలకు నిర్ణీత ప్యాకేజీ ధరలో 30 శాతాన్ని, ఏడాదికి 1.5 లక్షల రూపాయలకు మించకుండా, ప్రభుత్వం భరిస్తుంది.

వర్తించేవి, వర్తించనివి

ఈ బీమా ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకు ఉద్దేశించినది. దవడ ఎముక విరగడం, దవడలోని గడ్డలు, నోటి క్యాన్సర్, పిల్లల గ్రహణం మొర్రి వంటి వాటి శస్త్రచికిత్సలు దీని పరిధిలోకి వస్తాయి. పుప్పిపన్ను పూడ్చడం, రూట్ కెనాల్, అందం కోసం పళ్లు సరిచేయించుకోవడం సాధారణంగా రావు.

ఇందులో ఒక ప్రమాదం దాగి ఉంది. పుప్పిపన్నును నిర్లక్ష్యం చేస్తే చీము పడుతుంది. ఆ చీము దవడ కిందికి వ్యాపిస్తే మింగడం, ఊపిరి తీసుకోవడం కూడా కష్టమై ప్రాణం మీదికి రావచ్చు. బీమా అక్కరకు వచ్చేది అప్పుడే. కాని అంతవరకు వేచి ఉండడం వివేకం కాదు. తొలిదశలోనే ప్రభుత్వ ఆసుపత్రి దంతవైద్యుని చూపిస్తే ఉచితంగానో, నామమాత్రపు రుసుముతోనో పని పూర్తవుతుంది.

పిల్లలకు

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలను పరీక్షిస్తారు. వైద్యబృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకసారి వెళ్లాలన్నది నియమం. పరీక్షించే లోపాలలో పుప్పిపళ్లు, గ్రహణం మొర్రి ఉన్నాయి. తల్లిదండ్రులు గమనించవలసినది మరొకటి ఉంది: సుమారు ఆరేళ్లకు పాలపళ్ల వెనుక వచ్చే పెద్ద దంతం శాశ్వతమైనది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కనుక దానిని పాలపన్నుగా భ్రమించి పుప్పిని ఉపేక్షిస్తారు. అది పోతే మళ్లీ రాదు.

వృద్ధులకు

పళ్లు ఊడిన బి.పి.ఎల్. వృద్ధులకు ఉచితంగా కట్టుడు పళ్లు అమర్చేందుకు కర్ణాటక ప్రభుత్వం దంత భాగ్య పథకాన్ని రూపొందించింది. ఇది బీమాకు వేరైనది. ప్రస్తుత అర్హత, వయోపరిమితి వివరాలను ప్రభుత్వ ఆసుపత్రి దంత విభాగంలో అడిగి తెలుసుకోవాలి.

అనుసరించవలసిన క్రమం

1. రేషన్ కార్డు, ఆధార్ తీసుకొని ముందుగా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి.
2. అక్కడ లేని చికిత్స అవసరమైతే సిఫారసు పత్రం పొందాలి. అత్యవసర స్థితిలో ఈ పత్రం అవసరం లేదు.
3. పథకంలో నమోదైన ఆసుపత్రిలో, చేరకముందే, ఆ చికిత్స ప్యాకేజీలో ఉన్నదో లేదో ఆరోగ్యమిత్రను అడగాలి.

ముఖం వాచి, జ్వరం వచ్చి, నోరు తెరవలేని స్థితి ఏర్పడితే మరునాటి వరకు ఆగకుండా ఆసుపత్రికి చేరాలి.