917 బంతులు

పోయిన ఏడు పులివెందులలో జరిగిన మ్యాచ్‌లో నా వాటా ఓవర్లన్నీ వేశాను. ఒక్క వికెట్టూ రాలేదు, మేము ఓడిపోయాము. ప్రొద్దుటూరికి తిరుగు బస్సులో, ఇక బంతి ముట్టకూడదనుకున్నాను. ఆ తర్వాత తెలుసుకున్న ఒక బౌలర్ కథే ఈ వ్యాసం.

ఆయన కొఠారి సుబ్బన్న నాయుడు. అందరికీ తెలిసిన పేరు సి.ఎస్. నాయుడు. 1932లో లార్డ్స్‌లో భారత జట్టు ఆడిన మొట్టమొదటి టెస్టుకు కెప్టెన్ అయిన సి.కె. నాయుడు గారికి స్వయానా తమ్ముడు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1914లో పుట్టాడు. అన్న సిక్సర్లకు పేరు పడితే, తమ్ముడు లెగ్ స్పిన్‌కు పేరు పడ్డాడు.

లెగ్ స్పిన్ అంటే ఏమిటి? కుడిచేతి బౌలర్ మణికట్టునూ, వేళ్లనూ తిప్పి వదిలిన బంతి, నేల తాకి కుడిచేతి బ్యాట్స్‌మన్ కాళ్ల వైపు నుంచి ఆఫ్ వైపుకు తిరుగుతుంది. చూపుకు అట్లాగే వచ్చి, ఎదురుదిక్కుకు తిరిగేది గూగ్లీ. ఇందులో మన ఫిజిక్సు కూడా ఉంది. ముందుకు దొర్లుతున్నట్టు తిరిగే బంతిని చుట్టూ ఉన్న గాలి కిందికి నెడుతుంది. అందుచేత అది బ్యాట్స్‌మన్ అనుకున్న చోటికన్నా ముందే నేల తాకుతుంది. దీన్నే మాగ్నస్ ప్రభావం అంటారు. పరీక్షలో రాయడం సులువే; చేతికి రావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

1934 జనవరిలో, పందొమ్మిదేళ్ల వయసులో, కలకత్తాలో ఇంగ్లండ్ మీద తొలి టెస్టు ఆడాడు. 1936లో, 1946లో ఇంగ్లండ్ పర్యటనలకు వెళ్లాడు. చివరి టెస్టు 1952 జనవరిలో కాన్పూర్‌లో. మొత్తం 11 టెస్టులు. వికెట్లు? రెండే రెండు! ఆ రెండింటికీ ఇచ్చిన పరుగులు 359.

ఈ లెక్క ఒక్కటే చూస్తే, 'ఇతనూ ఒక బౌలరేనా' అని పుస్తకం మూసేస్తాము. నేనూ మూయబోయాను. కానీ పక్క పేజీలో ఇంకో లెక్క కనిపించింది. 1945 మార్చి, బొంబాయి, రంజీ ట్రోఫీ ఫైనల్. అన్న నాయకత్వంలోని హోల్కార్ జట్టు తరఫున సి.ఎస్. మొదటి ఇన్నింగ్స్‌లో 64 ఓవర్ల 5 బంతులు వేసి 6 వికెట్లు తీశాడు. రెండో ఇన్నింగ్స్‌లో 88 ఓవర్లు, 5 వికెట్లు. వెరసి 917 బంతులు, 428 పరుగులు, 11 వికెట్లు. ఒక ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లో ఒక్క మనిషి ఇన్ని బంతులు వేయడం ప్రపంచ రికార్డు. బంతికి పది అడుగుల పరుగు, పది అడుగుల వెనక్కి నడక అనుకున్నా 18,340 అడుగులు! ఇంతా చేస్తే హోల్కార్ 374 పరుగుల తేడాతో ఓడిపోయింది.

ఓడిన ఆ మనిషి బంతి పారేయలేదు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆడాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ఆయన వికెట్లు మొత్తం 647. 2002లో ఇండోర్‌లో కన్నుమూశాడు.

సెలవులకు జమ్మలమడుగు దగ్గర మా ఊరికి పోయినప్పుడు ఈ సంగతంతా మా నాయనకు చెప్పాను. మాది వాన మీద ఆధారపడిన మెట్ట సేద్యం. రెండేండ్లుగా శనగ చేతికి రాలేదు. క్రికెట్ అంటే ఆయనకు బొత్తిగా తెలియదు. అంతా విని, "రెండేండ్లు పంట రాలేదని మడక ఇరగ్గొట్టుకుంటామా ఏమిరా?" అన్నాడు.

ఈ సాయంత్రం కూడా కాలేజీ మైదానానికి పోతున్నాను.