పెంపుడు జంతువుతో పండగ ప్రయాణం: చట్టం, శాస్త్రం, జాగ్రత్తలు

సంక్రాంతికి వారం ముందు నుంచే విశాఖ, హైదరాబాద్, చెన్నై వైపు నుంచి వచ్చే రైళ్లు, బస్సులు కిక్కిరిసిపోతాయి. బతుకుతెరువు కోసం వలసవెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లంతా ఆ నాలుగు రోజులూ ఊళ్లో ఉండాలనుకుంటారు. ఇప్పుడు చాలా కుటుంబాలు తమ కుక్కనో పిల్లినో కూడా వెంటబెట్టుకొస్తున్నాయి. మనుషుల టికెట్ల కోసం పడే తాపత్రయంలో పదోవంతు కూడా వాటి ప్రయాణం గురించి పడటం లేదన్నది ఈ వ్యాసం రాయడానికి కారణం. పశుసంవర్ధక సహాయకుల పోస్టులకు, గ్రూప్స్‌కు సిద్ధమయ్యేవారికి ఇందులో రాజ్యాంగం, చట్టాలు, జీవశాస్త్రం, పర్యావరణం ఒకేచోట కలిసివస్తాయి.

రాజ్యాంగం, చట్టం

42వ సవరణ (1976) ద్వారా చేరిన ప్రాథమిక విధుల్లో 51ఎ(జి) అధికరణం, జీవరాశి పట్ల కరుణ చూపడం ప్రతి పౌరుడి విధి అంటుంది. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం వచ్చింది 1960లో. రాజ్యసభ సభ్యురాలిగా రుక్మిణీదేవి అరండేల్ చేసిన కృషి దీని వెనుక ఉంది. ఈ చట్టం కింద 1962లో ఏర్పడిన భారత జంతు సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు కూడా ఆమే. బోర్డు కార్యాలయం మొదట చెన్నైలో ఉండేది, 2018లో హరియాణాలోని బల్లభ్‌గఢ్‌కు మారింది.

ప్రయాణాల విషయంలో గుర్తుంచుకోవాల్సింది సెక్షన్ 11. జంతువుకు అనవసర బాధ కలిగేలా వాహనంలో తరలించడం, మరీ పొట్టి గొలుసుతో ఎక్కువసేపు కట్టేయడం, యజమాని అయి ఉండీ చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం, ఆకలిదప్పులతో అల్లాడే పరిస్థితిలో వదిలేసి వెళ్లడం... ఇవన్నీ దీని కింద నేరాలే. శిక్ష మాత్రం మొదటి తప్పుకు 10 నుంచి 50 రూపాయల జరిమానా. 1960 నాటి ఈ అంకె ఇవాళ్టికీ అలాగే ఉండిపోయింది. యాభై రూపాయలకు భయపడి ఎవరూ మారరు. ఈ సెక్షన్‌ను సవరించి తీరాలి.

2014 మే 7న ఎ.నాగరాజ కేసులో (జల్లికట్టు కేసు) సుప్రీంకోర్టు జంతువుల ‘ఐదు స్వేచ్ఛల’ను మన చట్టంతో ముడిపెట్టి చదివింది. ఆకలిదప్పుల నుంచి, అసౌకర్యం నుంచి, నొప్పి-గాయం-రోగం నుంచి, భయం-వేదన నుంచి విముక్తి, సహజ ప్రవర్తనకు స్వేచ్ఛ అనేవి ఆ ఐదు. ప్రయాణంలో కుక్కకు ఏం కావాలో తెలియాలంటే ఈ ఐదింటినీ చదివితే చాలావరకు సరిపోతుంది.

1978 రవాణా నియమాలు

ఆ చట్టం కిందే కేంద్రం 1978లో జంతు రవాణా నియమాలు తెచ్చింది. అందులో కుక్కలకు, పిల్లులకు ప్రత్యేక అధ్యాయం ఉంది. ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉందని, రేబిస్ సహా ఏ అంటువ్యాధి లక్షణాలూ లేవని పశువైద్యుడు ఇచ్చిన ధ్రువపత్రం వెంట ఉండాలి. నిండు చూలుతో ఉన్నదాన్ని తరలించకూడదు. పాలు మానని పిల్లలను తల్లితో తప్ప వేరే పెద్ద జంతువుతో ఒకే పెట్టెలో పెట్టకూడదు. ఎదలో ఉన్న ఆడదాన్ని మగదానితో కలపకూడదు. కరిచే కుక్కను మూతికి చిక్కం కట్టి విడిగా తీసుకెళ్లాలి.

తిండి, నీళ్ల లెక్కలు పరీక్షకు పనికొస్తాయి, ప్రయాణానికీ పనికొస్తాయి. బయల్దేరడానికి కనీసం రెండు గంటల ముందే తిండి, నీళ్లు పెట్టాలి. దారిలో వేసవిలో నాలుగు గంటలకోసారి, చలికాలంలో ఆరు గంటలకోసారి నీళ్లు ఇవ్వాలి. పెద్దవాటికి పన్నెండు గంటలకు ఒకసారి, పిల్లలకు నాలుగు గంటలకోసారి మేత. రైల్లో ఆరు గంటలు దాటే ప్రయాణమైతే వాటిని చూసుకునే మనిషి తోడుండాలి. బస్సు పైకప్పు మీద పంజరం పెట్టడం నిషిద్ధం.

కారెక్కితే వాంతి చేసుకునే కుక్కలుంటాయి. వాటికి రెండు గంటల వ్యవధి చాలదు, మూడు నాలుగు గంటల ముందే కొద్దిగా పెట్టి ఆపేయడం మేలు. మనుషులు వేసుకునే వాంతి మాత్రలు, నిద్రమాత్రలు వైద్యుడు చెప్పకుండా వేయొద్దు. పారాసిటమాల్ పిల్లికి ప్రాణాంతకం.

టీకా పుస్తకం

పశువైద్యుడి దగ్గరకు వెళ్తే ముందు అడిగేది టీకా పుస్తకమే. రేబిస్ టీకా మొదటి మోతాదు సాధారణంగా మూడు నెలల వయసులో వేస్తారు. అది రక్షణ ఇచ్చే స్థాయికి చేరడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. బయల్దేరే ముందు రోజు పరుగెత్తుకెళ్లి వేయించే టీకా ఆ ప్రయాణానికి అక్కరకు రాదు. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి నుంచి సోకే లెప్టోస్పైరోసిస్ మనుషులకూ వస్తుంది కాబట్టి ఆ టీకా గురించి కూడా అడగాలి.

రేబిస్ గురించి కొంచెం నిలిచి చదవాలి. కారకం లిస్సా వైరస్, రాబ్డోవిరిడే కుటుంబం, తుపాకీ తూటా ఆకారం. లక్షణాలు బయటపడ్డాక దాదాపు బతకడమన్నది ఉండదు. ప్రపంచంలోని రేబిస్ మరణాల్లో 36 శాతం మన దేశంలోనివే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లూయీ పాశ్చర్ వర్ధంతి అయిన సెప్టెంబర్ 28ని ప్రపంచ రేబిస్ దినంగా పాటిస్తారు. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను నిర్మూలించాలన్న జాతీయ కార్యాచరణ ప్రణాళికను కేంద్రం 2021లో అదే రోజున విడుదల చేసింది.

కుక్క కరిస్తే గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు, నాటుమందు పెట్టడం మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. అది ప్రాణం మీదకు తెస్తుంది. తర్వాత నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో టీకా వేస్తారు. రక్తం వచ్చిన గాయాన్ని మూడో తరగతిగా లెక్కిస్తారు, దానికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం.

ఆరోగ్య పత్రం కోసం విశాఖ దాకా వెళ్లనక్కర్లేదు. జిల్లా, మండల కేంద్రాల్లో ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి. విజయనగరం జిల్లా గరివిడిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల ఉంది. 2022 మేలో మన రాష్ట్రంలో మొదలైన సంచార పశువైద్య అంబులెన్సుల నంబరు 1962.

రైల్లో

శ్రీకాకుళం పట్టణానికి సొంత స్టేషన్ లేదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడ, పలాసలో, ఇచ్ఛాపురంలో రైళ్లు ఆగేది కొద్ది నిమిషాలే. కుక్కతో దిగేవాళ్లు స్టేషన్ రాకముందే తలుపు దగ్గర సిద్ధంగా ఉండాలి.

నిబంధన ప్రకారం కుక్కను తమ వెంట ఉంచుకోవాలంటే ఏసీ ఫస్ట్ క్లాసులో రెండు బెర్తుల కూపేగానీ, నాలుగు బెర్తుల క్యాబిన్‌గానీ పూర్తిగా తమకే దక్కాలి. ఏసీ రెండో, మూడో తరగతుల్లో, స్లీపర్‌లో, చైర్‌కార్‌లో కుదరదు. లేదంటే గార్డు ఉండే బ్రేక్‌వ్యాన్‌లోని కుక్కల పెట్టెలో పంపాలి. రెండు పద్ధతుల్లోనూ పార్శిల్ కార్యాలయంలో ముందుగా బుక్ చేయించాల్సిందే. ఫస్ట్ క్లాసులో వెళ్లే కుక్కను 60 కిలోల లగేజీగా, బ్రేక్‌వ్యాన్‌లో వెళ్లేదాన్ని 30 కిలోలుగా లెక్కగట్టి రుసుము వసూలు చేస్తారు.

బ్రేక్‌వ్యాన్ పెట్టె ఇరుకు, చీకటి, చప్పుడు. ఏప్రిల్, మే నెలల్లో పగటిపూట దాన్ని వాడొద్దు. ముసలి కుక్కను, పగ్ వంటి చట్టిముక్కు జాతులను ఏ కాలంలోనూ అందులో ఎక్కించొద్దు.

రోడ్డు మీద, ఉక్కలో

విశాఖ నుంచి ఇచ్ఛాపురం వరకు 16వ జాతీయ రహదారి మీద రెండొందల కిలోమీటర్లు పైమాటే. నాతవలస, మడపాం టోల్‌గేట్ల దగ్గర కిటికీలోంచి కుక్క తల బయటపెట్టి ఉన్న కార్లు కనిపిస్తుంటాయి. స్కూటర్ మీద కాళ్ల మధ్య నిలబెట్టిన కుక్కపిల్లలూ కనిపిస్తాయి. చూడటానికి ముద్దుగానే ఉంటుంది కానీ, ఒక్క గట్టి బ్రేకుకు ఆ ప్రాణి రోడ్డు మీద ఉంటుంది. కుక్కకు ఛాతీ పట్టీ వేసి వెనక సీటు బెల్టుకు తగిలించాలి. పిల్లిని గాలి ఆడే పెట్టెలోనే ఉంచాలి. రెండు గంటలకోసారి ఆగాలి, ఆగిన ప్రతిసారీ గొలుసు చేతిలోకి తీసుకున్నాకే తలుపు తెరవాలి. హైవే పక్కన కుక్కలు తప్పిపోయేది ఈ ఒక్క క్షణంలోనే.

ఎండ విషయంలో మన తీరానికి ప్రత్యేకమైన సమస్య ఉంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల కింది మెత్తల్లో మాత్రమే కొద్దిగా పడుతుంది. ఒంట్లో వేడిని అది ప్రధానంగా వగర్చడం ద్వారా, అంటే నాలుక, శ్వాసమార్గం మీది తడి ఆవిరవడం ద్వారా పోగొట్టుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆవిరవడం మందగిస్తుంది. అందుకే ఉష్ణోగ్రత కొంత తక్కువే ఉన్నా సముద్రం పక్కన కళింగపట్నంలోనో భోగాపురంలోనో ఉక్కపోసే మధ్యాహ్నం కుక్కకు ప్రమాదమే. ఇది జీవశాస్త్రంలో బాష్పీభవన శీతలీకరణకు చక్కని ఉదాహరణ.

కుక్క సాధారణ ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే వడదెబ్బ. ఆగకుండా వగర్చడం, చిక్కటి చొంగ, ముదురెరుపు చిగుళ్లు, తూలడం, వాంతి దాని గుర్తులు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా మామూలు నీళ్లు పోసి, గాలి తగిలేలా చేస్తూ వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. ‘టీ తాగి వచ్చేద్దాం’ అనుకున్నంత సేపు చాలు.

తీరం, తాబేళ్లు, కొంగలు

సెలవుల్లో కుక్కను బారువ, భావనపాడు, చింతపల్లి తీరాలకు తీసుకెళ్లేవారున్నారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ ఇసుకలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. అవి పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఆ గూళ్లను వాసన పట్టి తవ్వేసేవాటిలో కుక్కలే ముందుంటాయి. ఈ తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఆ నెలల్లో చీకటి పడ్డాక కుక్కను తీరానికి తేవొద్దు. పగలైనా గొలుసు విప్పొద్దు.

టెక్కలి మండలం తేలినీలాపురం, ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి కూడా అంతే. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు పిల్లల్ని పెంచుకునే చోట్లకు కుక్కను తీసుకెళ్లకపోవడమే మర్యాద.

రామచిలకను పంజరంలో పెట్టుకుని ప్రయాణించేవాళ్లు తెలుసుకోవాల్సింది మరొకటి: దాన్ని పెంచడమే చట్టవిరుద్ధం. నక్షత్ర తాబేలూ అంతే.

ఊరు చేరాక

పట్నంలో ఫ్లాటులో పెరిగిన కుక్కకు ఊరి వీధి కొత్త లోకం. వీధికుక్కలు తమ హద్దులోకి వచ్చిన కొత్తదాన్ని చుట్టుముడతాయి. మొదటి రోజంతా ఇంటి ప్రహరీ దాటనివ్వకండి. పశువుల శాలల దగ్గర, పొదల్లో తిరిగొస్తే చెవుల లోపల, వేళ్ల మధ్య పిడుదులు వెతకాలి. గోధుమరంగు కుక్క పిడుదు ఎర్లికియా అనే బ్యాక్టీరియాను మోస్తుంది. ఊరి నుంచి తిరిగొచ్చిన రెండు మూడు వారాలకు జ్వరం, తిండి మానేయడం, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే వైద్యుడికి ప్రయాణం సంగతి చెప్పాలి.

భోగిమంటల డప్పులకు, దీపావళి టపాసులకు బెదిరి పరుగుతీసిన కుక్క కొత్త ఊళ్లో ఇంటిదారి కనుక్కోలేదు. మెడపట్టీ మీద ఫోన్ నంబరు రాయించి ఉండాలి. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వచ్చే జనసంద్రంలోకి ఏ జంతువునూ తీసుకెళ్లొద్దు.

విమానం, విదేశం

అన్ని విమాన సంస్థలూ పెంపుడు జంతువులను తీసుకెళ్లవు. ఇండిగో సహాయక శునకాలను తప్ప అనుమతించదు. ఆకాశ ఎయిర్ 2022 నవంబర్ నుంచి చిన్న కుక్కలను, పిల్లులను క్యాబిన్‌లోకి అనుమతిస్తోంది. టికెట్ కొనకముందే నిబంధనలు అడగాలి. దేశం దాటాలంటే జంతు క్వారంటైన్, ధ్రువీకరణ కేంద్రం అనుమతి కావాలి. మనకు దగ్గరివి చెన్నై, హైదరాబాద్, కోల్‌కతా. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి కుక్కకు కనీసం ఆరు నెలల వయసు, మైక్రోచిప్ తప్పనిసరి చేసింది. మన దేశం రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి అదనపు పత్రాలు కూడా అడుగుతారు. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లే తల్లిదండ్రులు దీనికి నెలల ముందే పూనుకోవాలి.

వెంట తీసుకెళ్లలేకపోతే

ముసలిది, జబ్బుది, చూలుతో ఉన్నది ఇంటిపట్టునే ఉండాలి. పిల్లికైతే మనుషుల కంటే చోటు మీదే పట్టు ఎక్కువ, తెలిసినవాళ్లు రోజూ రెండుసార్లు వచ్చి చూస్తే అది సొంత ఇంట్లోనే సుఖంగా ఉంటుంది. గిన్నెడు నీళ్లు, గంపెడు అన్నం పెట్టి నాలుగు రోజులు తాళం వేసి పోవడం మాత్రం క్షమించరానిది. అది సెక్షన్ 11 కిందకు వచ్చే నేరం.

పరీక్షలో ఎలా అడగొచ్చు?

51ఎ(జి), 42వ సవరణ, 1960 చట్టం, జంతు సంక్షేమ బోర్డు ఎక్కడుంది వంటివి ఒక మార్కు ప్రశ్నలు. ఐదు స్వేచ్ఛలు, నాగరాజ తీర్పు, రేబిస్ నిర్మూలన లక్ష్య సంవత్సరం కూడా ఆ కోవలోవే. కుక్కల సంతాన నియంత్రణ నియమాలు మొదట 2001లో వచ్చాయని, 2023లో కొత్తవి వాటి స్థానంలోకి వచ్చాయని కలిపి చదవండి. భారతీయ న్యాయ సంహితలో జంతువును చంపడం, వికలం చేయడం 325వ సెక్షన్. ప్రమాదకరమైన జంతువు విషయంలో యజమాని నిర్లక్ష్యానికి 291వ సెక్షన్. పశుసంవర్ధక సహాయకుల పరీక్షకు వెళ్లేవారు కుక్క, పిల్లి ఉష్ణోగ్రతలు, టీకాల వయసు, పిడుదు జ్వరం బట్టీ పట్టకుండా కారణాలతో నేర్చుకోండి.

పరీక్ష రాయనివారికి ఒక్క మాట. 2024 నవంబర్ 1 నుంచి రైలు టికెట్లు 60 రోజుల ముందే తీసుకోవచ్చు. రేబిస్ టీకా పనిచేయడానికి కావలసింది నాలుగు వారాలు. కాబట్టి పండగ టికెట్ తీసుకున్న రోజునే మీ కుక్క టీకా పుస్తకం తెరిచి తేదీ చూడండి, గడువు దాటి ఉంటే మర్నాడే పశువైద్యశాలకు తీసుకెళ్లండి.