బండికి దెబ్బ తగిలింది, ఏ షెడ్డుకు ఇవ్వాలి? ఖానాపూర్ కారు యజమానుల ప్రశ్నలకు జవాబులు

ఖానాపూర్ నుంచి కడెం, ఉట్నూరు వైపు రాత్రిపూట కారు నడిపేవాళ్లకు అడవిపంది భయం తెలిసిందే. ఒక్క గుద్దుకు బంపరు, రేడియేటరు, హెడ్‌లైటు ఒకేసారి పోతాయి. దెబ్బలు తగిలినవాళ్లను ముందు ఆసుపత్రికి చేర్చి, పోలీసులకు, బీమా కంపెనీకి ఫోన్ చేశాక మొదలయ్యే ప్రశ్నలు ఇవి.

బీమా కంపెనీ చెప్పిన షెడ్డుకే తీసుకుపోవాలా?

అక్కర్లేదు. క్యాష్‌లెస్ కావాలంటే వాళ్ల జాబితాలోని షెడ్డుకు వెళ్లాలి. మీకు నమ్మకమున్న చోట చేయించుకుంటే ముందు మీరు కట్టి, బిల్లులు పెట్టి తర్వాత తీసుకుంటారు. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే సొంత బండి రిపేరుకు పైసా రాదు. బండిని లాక్కుపోయే ఖర్చు కింద మామూలు కారు పాలసీ ఇచ్చేది గరిష్ఠంగా 1,500 రూపాయలే. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకోకుండా నిజామాబాద్ దాకా లాక్కుపోతే మిగతా కిరాయి మీ మీదే పడుతుంది.

దెబ్బ అంచనా వేసే బీమా సర్వేయర్ రాకముందే పని మొదలుపెట్టవచ్చా?

వద్దు. విప్పిన బండిలో ఏది యాక్సిడెంట్‌లో విరిగిందో, ఏది షెడ్డులో విరిగిందో చెప్పలేం. క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలని, 15 రోజుల్లో అతని నివేదిక తెప్పించుకోవాలని, అది అందిన 7 రోజుల్లో నిర్ణయం చెప్పాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో బీమా కంపెనీలను ఆదేశించింది. ఆలస్యమైతే ఈ గడువులు గుర్తుచేస్తూ మెయిల్ పెట్టండి. విప్పాక లోపల కొత్త దెబ్బ బయటపడితే సర్వేయర్‌కు మళ్లీ చూపించాకే ఆ భాగం మార్చాలి.

మంచి షెడ్డని ఎట్లా తెలుస్తుంది?

బోర్డు, ఏసీ గది చూసి మోసపోకండి. పూర్తయి డెలివరీకి నిలబెట్టిన కారు ఉంటే పగటి వెలుతురులో చూడండి. బానెట్‌కు, ఫెండర్‌కు మధ్య సందు రెండు వైపులా ఒకేలా ఉందా? డోరు రబ్బరు లేపితే కింద పెయింటు తుంపరలున్నాయా? ఉంటే సరిగ్గా కప్పకుండా, తొందరగా కొట్టారన్నమాట. పక్కనుంచి వంగి చూస్తే పుట్టీ అలలు కనబడతాయి.

తర్వాత ఎస్టిమేట్ అడగండి. ఏ భాగం మారుస్తారు, ఏది సాపు చేస్తారు, కంపెనీ భాగమా బయటిదా, కూలి ఎంత, పెయింటు ఎంత, ఎన్నాళ్లు పడుతుంది అన్నీ విడివిడిగా రాసి ఇచ్చేవాణ్ని నమ్మొచ్చు. "మొత్తం కలిపి చూసుకుందాం లే" అనేవాడి దగ్గర బండి దించకండి. మార్చిన పాత భాగాలు చూపించాలని అదే కాగితం మీద రాయించండి. ఊళ్లోనే చెయ్యి తిరిగిన డెంటింగ్ మేస్త్రీ ఉంటే చిన్న సొట్టలకు నిర్మల్ పరుగెత్తాల్సిన పనిలేదు. ఛాసిస్ వంగినా, ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నా మాత్రం కొలిచే యంత్రం, స్కానర్ ఉన్నచోటికే పోవాలి. అది ప్రాణాలతో పని.

ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా చేతి నుంచి ఎందుకు పడుతుంది?

తరుగుదల వల్ల. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, బ్యాటరీకి సగమే ఇస్తారు. ఫైబర్‌కు 30 శాతం కోత, అద్దానికి కోత లేదు. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి: రెండో ఏడు 10 శాతం, అయిదేళ్లు దాటితే 40, పదేళ్లు దాటితే 50. దీనికి తోడు 1500 సీసీ లోపు కారుకు వెయ్యి, పైబడితే 2 వేలు తప్పనిసరిగా మీరే భరించాలి. జీరో డిప్రిసియేషన్ కవర్ ఉంటే తరుగుదల కోత చాలావరకు తప్పుతుంది.

బయట చేయిస్తే వారంటీ పోతుందంటున్నారు, నిజమా?

బయటి మేస్త్రీ ముట్టుకున్నాడన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయడాన్ని కాంపిటీషన్ కమిషన్ 2014లోనే తప్పుబట్టింది. విడిభాగాలు బయటి షెడ్లకు అందకుండా చేసినందుకు 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా వేసింది. దాని మీద కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. ఏమైనా, వారంటీలో ఉన్న బండికి వారంటీ పుస్తకం చదివాకే షెడ్డు ఎంచుకోండి.

డబ్బు కట్టేదాకా బండి ఇవ్వనంటే?

చేసిన పనికి రావలసిన సొమ్ము అందేదాకా బండిని అట్టిపెట్టుకునే హక్కు షెడ్డుకు ఉంది. కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ అదే చెబుతుంది. ఒప్పుకోని పనికి, చేయని పనికి ఆ హక్కు లేదు. ఎస్టిమేట్ కాగితం విలువ తెలిసేది ఇక్కడే. అదే చట్టం 151వ సెక్షన్ ప్రకారం, షెడ్డులో ఉన్నన్నాళ్లు బండిని సొంత బండిలా జాగ్రత్తగా చూడటం వాళ్ల బాధ్యత. గొడవ తేలకపోతే, అభ్యంతరం రాసిచ్చి, డబ్బు కట్టి, బండి తెచ్చుకుని ఫిర్యాదు చేయండి.

ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

షెడ్డు మీదైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు, గడువు రెండేళ్లు. బిల్లు ఇవ్వకపోవడం కూడా అక్రమ వ్యాపార పద్ధతే. బీమా కంపెనీ మీదైతే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెల దాటినా జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా రాయండి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఎస్టిమేట్, బిల్లు, సర్వే నివేదిక, దెబ్బతిన్న బండి ఫోటోలు జతచేయడం మరవకండి.