అక్షయ తృతీయ నాడు కొనవలసినదేమి?

వైశాఖ శుద్ధ తృతీయ సమీపించగానే భక్తులు నన్ను తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది: "అయ్యగారూ, ఆనాడు బంగారం కొనకపోతే దోషమా?" ఏటేటా ఈ ప్రశ్న పెరుగుతున్నదే గాని తగ్గుట లేదు. అడిగేవారిలో కలిగినవారు తక్కువ, లేనివారే ఎక్కువ. నిరుటి వేసవిలో మన మెట్టుగుట్ట మెట్ల వద్ద ఒక తల్లి, "గ్రామైనా కొనాలె గద అయ్యగారూ, చీటి ఎత్తి కొందామనుకుంటున్నం" అన్నది. ఆ చీటీ సొమ్ము పిల్లవాని చదువు కొరకు దాచినదట. దోషమేమీ లేదమ్మా, చదువుకే ఉంచుమని చెప్పి పంపితిని. ఆమెకు ఒక్క మాటతో చెప్పినదానికి ఆధారమేమో ఇక్కడ వివరిస్తాను.

క్షయమనగా తరుగుట. తరుగనిది అక్షయం. కమలాకర భట్టు 1612లో రచించిన నిర్ణయసింధువును, కాశీనాథోపాధ్యాయుడు 1790లో రచించిన ధర్మసింధువును మన పండితులు తిథి నిర్ణయానికి నేటికీ ప్రమాణంగా స్వీకరిస్తారు. ఈ తృతీయ నాడు చేయవలసినవిగా అవి చెప్పినవి స్నానం, జపం, హోమం, స్వాధ్యాయం, పితృతర్పణం, దానం. వీటి ఫలం తరుగదు గనుకనే ఆ తిథికి ఆ పేరు. అన్నీ చేయవలసినవి, లేదా ఇవ్వవలసినవి. క్రయమన్న మాట అందులో లేదు. బంగారానికి శాస్త్రంలో గౌరవం ఉన్నది. సువర్ణదానం గొప్ప దానమే. కాని అక్కడ బంగారం దాత చేతి నుండి వెడలుతుంది, అంగడి నుండి ఇంటికి రాదు.

భవిష్య పురాణం ఉత్తర పర్వంలో శ్రీకృష్ణుడు ధర్మరాజుకు ఈ తిథి మహిమను కథగా చెప్పినాడు. శాకల నగరంలో ధర్ముడనే వైశ్యుడుండెను. ప్రియంగా మాట్లాడేవాడు, సత్యం తప్పనివాడు. ఈ తృతీయ మహిమను విని, గంగలో స్నానం చేసి, ఇంటికి వచ్చి జలకుంభాలను, అన్నాన్ని, ధాన్యాన్ని దానం చేసినాడు. సంసార చింత గల భార్య పలుమార్లు అడ్డు చెప్పినది. (ఆమెను నేను తప్పు పట్టను, రేపటి వంట ఆమెదే గదా!) అతడు మాత్రం మానలేదు. మరుజన్మలో కుశావతిలో రాజై పుట్టి, ఎంత ఇచ్చినా తరుగని సంపద పొందినాడు. చిత్రమేమనగా, కథలోని వర్తకుడు ఆనాడు ఇచ్చినవాడు. నేడు వర్తకుడు అమ్ముచున్నాడు, మనం కొనుచున్నాము, పుణ్యం మాత్రం ఆ కథలోనిదే కావలెనంటున్నాము.

కుచేలుడు ద్వారకకు వెళ్లినది ఈ రోజుననే అని కొందరంటారు. భాగవత దశమ స్కంధంలో ఆ ఘట్టాన తిథి ప్రస్తావన లేదు. ఉన్నదనుకున్నా, ఆయన భార్య కొంగున కట్టి పంపినవి ఇరుగుపొరుగును అడిగి తెచ్చిన నాలుగు పిడికిళ్ల అటుకులు.

ఇక లెక్క చూడండి. నగల అంగడి చీటీలో బంగారం వెల తరువాత కనిపించే మాట "తరుగు". అక్షయం కోరి వెళ్లినవారికి మొదట ముట్టేది క్షయమే! నలుబదివేల బంగారానికి తరుగు, మజూరీ కలిపి నూటికి పన్నెండనుకుందాం, రూ. 4,800. మొత్తం మీద వస్తు సేవల పన్ను నూటికి మూడు చొప్పున రూ. 1,344. ఇచ్చినది రూ. 46,144; ఇంటికి వచ్చిన బంగారం నలుబదివేలది. ధర పెరగదా అంటారు. పెరుగవచ్చు. నూటికి పదిహేనుకు పైగా పెరిగితే గాని పెట్టిన సొమ్ము తిరిగి రాదు. అప్పు చేసి కొన్నారనుకోండి, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీపై నలుబదియారు వేలకు నెలకు రూ. 920, ఏడాదికి రూ. 11,040. ఆనాడు చేసినదేదైనా అక్షయమగునని గట్టిగా నమ్మేవారు, ఆనాడు చేసిన అప్పు విషయంలో కూడా కొంచెం ఆలోచించుట మేలు.

బంగారమే కొనవద్దని నా మతం కాదు. ఆడపిల్ల పెండ్లికి, ఆపదకు ఆదుకొనుటకు చేతనైనంత కూడబెట్టుకొనుట మన ఇండ్లలో తరతరాల వివేకం. స్త్రీధనం స్త్రీకి నిజమైన అండ. అది అవసరాన్ని బట్టి, చేతిలో సొమ్మును బట్టి, ఏ రోజునైనా కొనవచ్చును. పంచాంగం చూపి భయపెడితే కొనవలసినది కాదు. నా బాల్యంలో ఈ తిథికి మడికొండ నుండి వరంగల్లు నగల అంగళ్లకు వెళ్లినవారిని నేనెరుగను. ధనత్రయోదశి కొనుగోళ్లూ అటువంటివే; మన ప్రాంతంలో దీపావళి అంటే నరక చతుర్దశి, అమావాస్య నాటి లక్ష్మీపూజ. ఔత్తరాహుల ఆచారం వారికి శోభ. మనకు అది ప్రకటనల ద్వారా వచ్చినది.

మనుస్మృతి ఐదవ అధ్యాయంలో గృహిణికి చెప్పిన ఒక శ్లోకమున్నది. ఇంటి సామగ్రిని శుభ్రంగా, చక్కగా ఉంచుకొనవలెనని, వ్యయంలో చేయి బిగించి ఉండవలెనని రెండూ ఒకే శ్లోకంలో చెప్పినాడు. ఆ వరుస నాకెంతో నచ్చుతుంది. ఉన్నదానిని చూచుకొనేవానికి కొత్తదాని అవసరం తక్కువ. ఇత్తడి గిన్నెకు కళాయి పోతే కళాయి పెట్టించేవారు, గిన్నె మార్చేవారు కారు. నేడు అటక మీద ఏమున్నదో తెలియకయే అంగడికి వెళుతున్నాము. ఆ శ్లోకం స్త్రీలకు చెప్పినదే అయినా, ఫోనులో వేలితో నొక్కి వస్తువులు తెప్పించే మగవారికి ఇప్పుడు మరింత అవసరమని నా అభిప్రాయం.

దేవాలయ పత్రికలో ఇది వ్రాయవచ్చునా అని కొంత సంకోచించితిని. అయినా చెప్పక తప్పదు. దానం కూడా అప్పు చేసి చేయరాదు. భాగవత అష్టమ స్కంధంలో శుక్రాచార్యుడు బలికి చెప్పినదిదే: జీవనోపాధిని చెరిపే దానాన్ని పెద్దలు మెచ్చరు, ధర్మానికి, కీర్తికి, ధనవృద్ధికి, భోగానికి, తనవారికి అని విత్తాన్ని ఐదు భాగాలు చేసినవాడు ఇహపరాలు రెండింట సుఖిస్తాడు. బలి ఆ మాట వినలేదు గదా అంటారా? ఆయన ఎదుట నిలిచి చేయి చాచినవాడు వామనుడు. మన ఎదుట నిలిచినది నెలవారీ వాయిదా కాగితం.

అక్షయ తృతీయ నాడు కొనదలచినవారు కుమ్మరి వద్ద ఒక కొత్త కుండ కొనండి. ఉదకుంభ దానం ఆనాటి ముఖ్య విధి. దానిని ధర్మఘటమంటారు, బ్రహ్మ విష్ణు శివాత్మకంగా భావిస్తారు. కుండను ముందునాడే నీట నానవేస్తే మట్టివాసన పోతుంది. పితరులను ఉద్దేశించి ఇచ్చేవారు నీటిలో గంధం, నువ్వులు వేసి, అన్నంతో, పండుతో కూడ ఇవ్వవలెను. మంత్రం రానివారు తండ్రి తాతల పేర్లు తలచి తెలుగులోనే సంకల్పం చెప్పుకొనవచ్చును. కుండతో పాటు గొడుగో, విసనకర్రో, చెప్పుల జతో ఇవ్వగలిగితే వైశాఖ మాసానికి అవి కూడా చెప్పిన దానాలే. ఇంకా శక్తి గలవారు ఎండాకాలం ముగిసే వరకు దారిలో ఒక చలివేంద్రం నిలిపి, రంజన్లు ఎండకుండా రోజూ నీరు నింపే మనిషిని కూడా కుదర్చవలెను. గుట్ట ఎక్కి దిగేవారికి మిట్టమధ్యాహ్నం ఖాళీ రంజన్ ఎదురైతే ప్రయోజనమేమున్నది?