మరియ వేషం ఎవరి పిల్లకి?

నవంబరు ఆఖరి ఆదివారం దాటిందంటే మా గుడి స్త్రీల సమాజంలో ప్రశ్నలు రెండే. ప్రేమ విందుకి ఈసారి బిర్యానీనా, అన్నం కోడికూరా? నాటకంలో మరియ వేషం ఎవరి పిల్లకి? మొదటిది పాస్టరు అయ్యగారు తేల్చేస్తారు. రెండోదానికి మాత్రం ఆయన కూడా చేతులెత్తేసి సండే స్కూల్ టీచర్ వైపు చూస్తారు. ఆ వారమంతా తల్లులు ఒకరికొకరు ముభావంగా వందనాలు చెప్పుకుంటారు. పిల్లలకి ఈ గొడవేమీ పట్టదు. వెనక బెంచీల సందుల్లో హేరోదు కత్తి కోసం కొట్టుకుంటూ ఉంటారు.

ఎందుకు పడుతుందమ్మా! మరియకి ఉన్నవి రెండు మాటలు, ఆపైన తలొంచుకుని కూర్చోవడమే. యోసేపుకి గడ్డం దురద. హేరోదుకైతే కిరీటం, మీసం, కత్తి, కావలసినన్ని కేకలు. మా తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలు చూసి పెరిగిన తాతగారెవరో ఒకరు ఆ పాత్రకి మాటలు నేర్పుతారు కనక, మా హేరోదు సగం నాటకం అయ్యేసరికి దుర్యోధనుడైపోతాడు. ఈలలే ఈలలు. ఆ సరదా నాకూ ఇష్టమే. నా బాధంతా స్టేజీ పక్కన నిలబెట్టిన గొర్రెపిల్లల గురించి. మూడేళ్లవాళ్లు, ఒళ్లంతా దూది అంటించుకుని, రాత్రి పది దాటినా ముఖ్య అతిథి ప్రసంగం అవక, నిలబడే కునుకు తీస్తుంటారే, వాళ్ల గురించి ఈసారి మనం నాలుగు మాటలు చెప్పుకుందాం.

మనకి క్రిస్మస్ అంటే ఒక్క రోజు కాదు కదా. ఆగమన కాలం మొదటి ఆదివారం నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అక్కడ మొదలైతే స్కూల్లో సెమీ క్రిస్మస్, నాన్న ఆఫీసులో సెమీ క్రిస్మస్, అపార్ట్‌మెంట్‌లో సెమీ క్రిస్మస్, ఆ తర్వాత క్యారల్స్, 24 రాత్రి కొవ్వొత్తుల ఆరాధన, 25 తెల్లారి ఆరాధన, 31 రాత్రి వాచ్ నైట్. పెద్దవాళ్లమే జనవరి రెండుకి మంచం ఎక్కుతాం. అసలు పండగ రాకముందే పిల్లాడు నాలుగు చోట్ల కేకు కోయించడం చూసేస్తే, పాతికో తారీఖు కేకు వాడికేం కొత్త? నన్నడిగితే సెమీ క్రిస్మస్‌లలో పిల్లలకి ఒకటి చాలు. వాళ్ల స్కూల్‌ది ఉంచండి, మిగతావాటికి మీరు వెళ్లి రండి. బంధువులు ఏమనుకుంటారో అంటారా? అనుకోనివ్వండి, జనవరికల్లా మరిచిపోతారు.

ఇంకో మాట. పిల్లల్ని పండగ చూడమని కూర్చోబెడితే విసుగు. అదే ఒక పని చేతికిస్తే, ఆ పండగ వాళ్లదే. ఉత్తుత్తి పని కాదు, వాళ్లు చెయ్యకపోతే నిజంగా ఆగిపోయే పని.

చెట్టు సంగతే చూడండి. బజార్లో మడిచిపెట్టే ప్లాస్టిక్ చెట్టు దొరుకుతుంది, సుఖమే. కానీ బాపట్ల, రేపల్లె వైపు పల్లెల్లో మా చిన్నప్పుడు సరుగుడు కొమ్మే క్రిస్మస్ చెట్టు. ఇసక నింపిన నూనె డబ్బాలో నిలబెట్టి, డబ్బాకి రంగు కాగితం చుట్టేవాళ్లం. ఇప్పటికీ మా ఇంట్లో అదే. కొమ్మ తేవడం నాన్న పని, ఇసక పొయ్యడం పిల్లల పని, ఇల్లంతా రాలిన ఆకు ఊడవడం ఎవరి పనో చెప్పక్కర్లేదు. ఇది మన చెట్టేనా అని మా పెద్దది ఓసారి అడిగింది. సరుగుడు కూడా సముద్రాలు దాటి వచ్చిందే. 19వ శతాబ్దంలో వంటచెరకు కోసం మన తీరం పొడవునా వేశారు. మా మిషను తొలి పాస్టరు హయ్యర్ దొర అమెరికా నుంచి గుంటూరు చేరింది 1842లో. చెట్టూ, దొరా ఇంచుమించు ఒక కాలంవాళ్లేనని చెబితే దానికి భలే నచ్చింది. మర్నాడు స్కూల్లో అందరికీ చెప్పి వచ్చింది, కాస్త పెంచి.

పాటలూ అంతే. సెల్‌ఫోన్‌లో పాట పెట్టి అభినయం నేర్పించడం తేలిక. కానీ ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే ఆ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఆవిడ ఒళ్లో పెట్టండి. పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి చూశారా, పురుషోత్తమ చౌదరి లాంటి పాతకాలపు వాగ్గేయకారులు మన బాణీల్లో కట్టిన కీర్తనలవి. మా అత్తగారికి కళ్లు సరిగ్గా ఆనకపోయినా పుస్తకం చేతిలో ఉండాల్సిందే, పాడేది మాత్రం జ్ఞాపకంలోంచే. నెలంతా కలిపి ఒక్క కీర్తన నేర్పుతారు. తాళం వెయ్యడం చిన్నాడి ఉద్యోగం. వాడు తప్పితే ఆవిడ ఆపేస్తారు, మళ్లీ పల్లవి నుంచే.

ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది ఇంకొకటుంది. జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారు కదా. పసిబిడ్డకి అవెందుకు, బొమ్మలు తేవచ్చుగా అని చిన్నాడి గొడవ. నేను రాజుకి బంగారం, దేవుడికి సాంబ్రాణి అంటూ సండే స్కూల్ పాఠం ఎత్తుకున్నాను. అత్తగారు అడ్డొచ్చి, "బాలింత ఉన్న ఇంట్లో సాంబ్రాణి పొగ వెయ్యొద్దుట్రా? నీ తలారబెట్టింది దేంతోననుకున్నావు? బోళమంటే మా అమ్మ బాలింతలకి నూరి పెట్టిన మందే. ఆ తెచ్చినవాళ్లు తెలివైనవాళ్లు కాబట్టే జ్ఞానులన్నారు" అన్నారు. అయ్యగారి ప్రసంగంలో ఈ వ్యాఖ్యానం రాదు గానీ, ఆనాటి నుంచి చిన్నాడికి జ్ఞానులంటే గౌరవం.

వంటింట్లోకి వస్తే, గులాబీ పువ్వుల దగ్గరికి మాత్రం పిల్లల్ని రానివ్వకండి. కాగే నూనెలో గుత్తి ముంచి తీసే పని, చెయ్యి జారితే కష్టం. అరిసెలకి నువ్వులు అద్దడం ఇవ్వండి. కుక్కర్లో ఇసక పోసి కేకు చేసేవాళ్లయితే, ఆ ఇసక జల్లెడ పట్టడం ఇవ్వండి. కిస్‌మిస్, జీడిపప్పు, టూటీ ఫ్రూటీ ద్రాక్షరసంలో నానేసి సీసాకెత్తి, రోజూ ఒకసారి కలపడం చిన్నవాళ్లకి అప్పజెప్పండి. సీసాలో సరుకు తగ్గుతుంది, తెలుసు. నేను పావుకిలో ఎక్కువే వేస్తాను.

అన్నిటికన్నా గొప్ప ఉద్యోగం పళ్లాలు పంచడం. వీధిలో మన పండగ లేని ఇళ్లే ఎక్కువ. పళ్లెంలో అరిసెలు, జంతికలు, కేకుముక్క పెట్టి, చేతిరుమాలు కప్పి, పిల్లల చేతే పంపాలి. "అమ్మ ఇమ్మంది" అని విసిరేసి రాకూడదు, "క్రిస్మస్ అండీ, తీసుకోండి పిన్నిగారూ" అనాలి. ఆ పళ్లెం ఖాళీగా తిరిగి రాదు. సంక్రాంతికి చక్రాలతో వస్తుంది, రంజాన్‌కి సేమ్యాతో వస్తుంది. ఏ గిన్నె ఎవరిదో అడుగున చెక్కించిన పేరు చూసి చెప్పాలి. మా పెద్దది తెలుగు కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది పక్కింటివాళ్ల స్టీలు గిన్నెల మీదే.

క్యారల్స్‌కి పసివాళ్లని తిప్పకండి. రాత్రి పదింటికి బయల్దేరి ట్రాక్టరు మీద ఊరంతా తిరిగి తెల్లవారుజామున ఇళ్లు చేరే పని యువకులది. మన వీధిలోకి డోలక్ చప్పుడు వినిపించినప్పుడు లేపితే చాలు. గేటు తియ్యడం ఒకరు, కానుక ఇవ్వడం ఒకరు. పైగా ధనుర్మాసం కదా, క్యారల్స్‌వాళ్లు మూడింటికి వెళితే ఐదింటికి హరిదాసుగారు వస్తారు. నక్షత్రం వేలాడే మా గుమ్మం ముందు ఆయన ఆగరు. ఎదురింటి ముగ్గు దగ్గర ఆగితే, వాళ్ల పిల్లలతో పాటు మావాళ్లూ బియ్యం పోసి వస్తారు. ఒక్క రాత్రిలో రెండు పండగలు చూసిన పిల్లలు పొద్దున స్కూల్లో నిద్రపోతే టీచరమ్మ కోప్పడొద్దని నా మనవి.

క్రిస్మస్ తాత నిజంగా ఉన్నాడా అని అడిగితే ఏం చెబుతారు? మావాళ్లు అడగలేదు. ముసుగేసుకుని గెంతే తాత కాళ్లకి యువజన కార్యదర్శి చెప్పులుండటం వాళ్లే కనిపెట్టారు. మరీ చిన్నవాళ్లు ఆ ముసుగు చూసి బెదిరిపోతారు. ఫొటో కోసం ఏడుస్తున్న బిడ్డని ఆయన ఒళ్లోకి తొయ్యకండమ్మా, ఆ ఫొటో ఎవరు చూడొచ్చారు! పెద్దపిల్లలకి మాత్రం మైరా ఊరి బిషప్పు నికోలస్ కథ చెప్పండి. నాలుగో శతాబ్దం మనిషి, ఆ ఊరు ఇప్పటి టర్కీలో ఉంది. ముగ్గురు ఆడపిల్లల తండ్రి కట్నాలివ్వలేక కుమిలిపోతుంటే, రాత్రిపూట కిటికీలోంచి బంగారం మూట పడేసి వెళ్లాడని చెప్పుకుంటారు. కట్నం కథ కాబట్టి మనకి అర్థాలు చెప్పక్కర్లేదు. ఆ కథ విన్నాక మా పెద్దదానికి తాత ఉద్యోగం ఇచ్చాం. ఎవరో ఒకరికి, ఎవరిచ్చారో తెలియకుండా, తన డబ్బుల్లోంచి ఒక వస్తువు పెట్టి రావాలి. ఎవరికి పెట్టిందో నాకూ చెప్పదు.

బట్టల మాట ఒక్క ముక్క. పండగ చీటీ డబ్బులు రాగానే తళుకుల నెట్ గౌను కొనేస్తాం. లోపల మెత్తటి నూలు షిమ్మీ వెయ్యండి. ఆరాధనలో పిల్ల గునిసేది భక్తి లేక కాదు, ఆ నెట్ గీరుకుని.

పిల్లల్ని మెదక్ గుడికి తీసుకెళదామనుకునేవాళ్లు పాతిక తారీఖున వెళ్లకండి, చంకలో పిల్లతో ఆ జనంలో నలిగిపోతారు. సెలవుల్లో మరో రోజు, పగటిపూట వెళ్లండి. కరువు రోజుల్లో మిషనరీ పోస్నెట్ దొర జనానికి పని కల్పించి, కూలికి తిండి పెట్టి కట్టించిన గుడి అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ. గోపురం దాదాపు 175 అడుగులు. లోపలి రంగుటద్దాల కిటికీలకి బయటి ఎండే దీపం, చీకటి పడితే బొమ్మలు కనపడవు. యేసు పుట్టుక కిటికీ ముందు పిల్లల్ని కూర్చోబెట్టి, ఎన్ని జంతువులున్నాయో వెతకమనండి. మీకు ఓ పది నిమిషాలు కళ్లు మూసుకునే వీలు దొరుకుతుంది.

ఇక వాచ్ నైట్. మధ్యాహ్నం బలవంతంగానైనా పడుకోబెట్టి, చాపా దుప్పటీ గుడికి పట్టుకెళ్లండి. పన్నెండింటికి బైబిలు వాక్యాల వాగ్దాన కార్డులు తీసేటప్పుడు లేపండి, ఎవరి కార్డు వాళ్లే తీసుకోవాలి. మా చిన్నాడు పోయినసారి తనది నచ్చలేదని తాతయ్యతో మార్చుకున్నాడు. మార్చుకోవచ్చా అని అయ్యగారిని అడిగితే నవ్వేశారు.

నక్షత్రం దించడం దగ్గర మా ఇంట్లో ఏటా తగాదా. జ్ఞానుల పండగ జనవరి 6 కనక ఆ రోజు దించెయ్యాలని మా ఆయన. సంక్రాంతికి మేనత్త పిల్లలు వస్తారు, వాళ్లు చూడాలి, ఉంచమని పిల్లలు. కరెంటు బిల్లు చూపించి వాదిస్తారాయన. మీ ఇళ్లల్లో ఎప్పుడు దించుతారో రాయండి, సాక్ష్యం కావాలి.