తెరపై ఆట కనబడనప్పుడు

బాగేపల్లిలోనైనను, చింతామణిలోనైనను, చిక్కబళ్ళాపురములోనైనను, ఇంటియందలి పాత కంప్యూటరున పిల్లవాడు ఆర్కేడు ఆట పెట్టగా శబ్దము వినబడి తెర మాత్రము నల్లగా నుండెనేని, పెద్దలు యంత్రము చెడినదని తలంతురు. వెంటనే బెంగుళూరునకు పోయి క్రొత్త కార్డు కొనుటకు సిద్ధపడుదురు. అంత తొందర వలదని మా మనవి. శబ్దము వచ్చుచున్నదనగా ఆట నడచుచున్నదన్నమాట. బొమ్మ తెరకు చేరు త్రోవలోనే లోపము గలదు.

1980 నాటి పాక్‌మాన్ బొమ్మ 224 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు మాత్రమే గలది. సెకండునకు 60.6 మారులు చిత్రింపబడును. అప్పటి పిక్చరు ట్యూబు సెకండునకు సుమారు 15,700 అడ్డగీతలు గీచెడిది. కంప్యూటరు తెరలు సామాన్యముగా 31,500 గీతలకు తక్కువైనచో అంగీకరింపవు. ఈ వ్యత్యాసమును సరిపెట్టునది 1997లో నికోలా సాల్మోరియా ఆరంభించిన మేమ్ అను ప్రోగ్రాము. 2016 నుండి అది స్వేచ్ఛా లైసెన్సుతో లభించుచున్నది. లినక్సువలెనే దీనికిని వెల లేదు.

ఆట మూసిన పిమ్మట మామూలు తెర కనబడెనేని కేబులు, మానిటరు బాగున్నవి. తెర నిండ గాక చిన్న విండోలో ఆట నడిపింపవలెను. అప్పుడు బొమ్మ వచ్చెనేని, తెర కొలత మార్చుటలోనే చిక్కు గలదు. "అవుట్ ఆఫ్ రేంజ్" అని మానిటరు చెప్పుటకును ఇదియే కారణము. స్విచ్‌రెస్ అను ఏర్పాటును నిలిపివేసిన చాలును. విండోలోను బొమ్మ రానిచో, మేమ్.ఐ.ఎన్.ఐ. ఫైలులో వీడియో అను పంక్తియందు సాఫ్ట్ అని ఆంగ్లాక్షరములలో వ్రాసి చూడవలెను. ఇప్పుడు బొమ్మ కనబడెనా, కార్డు చెడలేదు. దాని డ్రైవరును, మెసా అను చిత్రలేఖన సామగ్రిని నవీకరింపవలెను.

ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడము, యంత్రము చెప్పు దోషమేమో ఆంగ్లము! పిల్లవానిచే ఆ వాక్యమును చదివించి తెలుగున అర్థము చెప్పించుడు. ట్యూషనుకన్న ఇది మేలని మా అభిప్రాయము.

ఆటల ప్రతులు పెక్కింటికి హక్కుదారులు గలరు. గ్రిడ్లీ, రాబీ రోటో వంటి కొన్నింటిని మాత్రము వ్యాపారేతర వినియోగమునకు ఉచితముగా ననుమతించిరి. పరీక్షకు అవి చాలును. పాత పిక్చరు ట్యూబు పెట్టె మూతను మాత్రము పిల్లలచే విప్పింపరాదు. కరెంటు ఆపిన పిమ్మటను అందు ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును.