బరువుంటే కదలదా?

చిన్న ట్రాలీ బండిలో ఇనుప బీరువాను తీసుకుపోవడం మీరు చూసే ఉంటారు. ‘ఇంత బరువైనది ఎక్కడికి కదులుతుంది?’ అని కొందరు తాడు కట్టరు. ఇది నిజమేనా? లెక్క వేసి చూద్దాం.

బీరువా ద్రవ్యరాశి 80 కిలోగ్రాములు అనుకోండి. సెకనుకు 10 మీటర్ల వేగంతో, అంటే గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే బండి, బ్రేకు వేయగా 2 సెకన్లలో ఆగింది. దానితోపాటు బీరువా కూడా ఆగాలంటే 80 × 5 = 400 న్యూటన్ల బలం కావాలి. దీనిని ఇవ్వవలసింది బండి అడుగు రేకుకూ బీరువాకూ మధ్యనున్న ఘర్షణే. ఘర్షణ గుణకం 0.3 అయితే లభించేది 800 × 0.3 = 240 న్యూటన్లే! కనుక జడత్వం వల్ల బీరువా ముందుకు జారుతుంది. బరువు రెట్టింపైతే ఘర్షణ రెట్టింపవుతుంది. కావలసిన బలమూ రెట్టింపవుతుంది. బరువు మనల్ని కాపాడదు.

పైనుంచి బిగించిన తాడు బీరువాను కిందికి నొక్కి ఘర్షణను పెంచుతుంది. తాడు నిలువుగా ఉంటే అది లాగే బలమంతా నొక్కడానికే పనికివస్తుంది. అడుగు రేకుతో 30 డిగ్రీల కోణం చేస్తే సగమే. బీరువా కింద పాత ట్యూబు రబ్బరు పరిస్తే ఘర్షణ ఇంకా పెరుగుతుంది. బీరువాను పడుకోబెట్టి క్యాబిన్ గోడకు ఆనిస్తే గరిమనాభి కిందికి దిగుతుంది. జారడానికి చోటూ ఉండదు. సామాను మీద మనుషులు కూర్చోరాదు. వారికీ జడత్వం ఉంది!

ఒక పలక మీద ఖాళీ అగ్గిపెట్టెను, ఇసుక నింపిన అగ్గిపెట్టెను పక్కపక్కన ఉంచి, పలకను ఒకవైపు మెల్లగా ఎత్తండి. రెండూ ఇంచుమించు ఒకే వాలు వద్ద జారుతాయి. ఎందుకో చెప్పగలరా?